మూడోసారి నీళ్లలోకి దిగాలా? మారుమనస్సు, బాప్తిస్మం, పాపక్షమాపణ

ప్రశ్న క్లుప్తంగా ఇది: "పసితనంలో లూథరన్ సంఘంలో చిలకరింపు బాప్తిస్మం అయింది. పదిహేనేళ్లప్పుడు యూత్ క్యాంపులో స్నేహితులతో పాటు ముంపు బాప్తిస్మం తీసుకున్నాను. తర్వాత నేను పనిచేసిన దుకాణంలో లెక్కలు మార్చి రెండేళ్లలో సుమారు 60,000 రూపాయలు తీశాను. యజమానికి ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు వెళ్తున్న సంఘంలో 'యేసు నామంలో మళ్లీ తీసుకుంటేనే ఆ పాపం పోతుంది, అపొస్తలుల కార్యములు 2:38 చూడు' అంటున్నారు. తీసుకోవాలా? నా భార్య హిందూ కుటుంబం నుంచి వచ్చింది. వచ్చే నెల మొదటిసారి నదిలో బాప్తిస్మం తీసుకుంటోంది. ఆమె ఏం చూసుకోవాలి?"

వందనాలు బ్రదర్. ముందు తేల్చి చెప్పేస్తాను. మీరు మూడోసారి నీళ్లలోకి దిగనక్కర్లేదు. ఆ 60,000 మాత్రం తిరిగి ఇవ్వాలి. మీ సంఘంలో ఈ రెంటినీ తారుమారు చేసి చెబుతున్నట్టున్నారు. నీళ్లలోకి దిగడం ఒక్క పూట పని, డబ్బు తిరిగివ్వడం నెలల తరబడి మెడ మీద కూర్చునే పని. అందుకే మొదటిదే తేలిగ్గా తోస్తుంది.

మీకు చూపించిన వచనం, పేతురు గుంపుతో అన్న మాట: "మీరు మారుమనస్సు పొంది, పాపక్షమాపణ నిమిత్తము ప్రతివాడు యేసుక్రీస్తు నామమున బాప్తిస్మము పొందుడి." తెలుగులో చదివితే ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది "పొంది" అనే మాట. మన వాక్యంలో అది అసమాపక క్రియ కాబట్టి బరువంతా చివరనున్న "బాప్తిస్మము పొందుడి" మీద పడుతుంది. మారుమనస్సు ఏదో దారిలో దాటిపోయే మెట్టులా వినిపిస్తుంది. గ్రీకు మూలంలో రెండూ విడివిడి ఆజ్ఞలే. "మారుమనస్సు పొందండి" అన్నది ఏకంగా గుంపు మొత్తానికి బహువచనంలో ఇచ్చిన ఆజ్ఞ. ఆ తర్వాత "మీలో ప్రతివాడును బాప్తిస్మం పొందాలి" అని ఏకవచనంలో రెండోది.

రెండోది "నిమిత్తము". చదువు నిమిత్తం హైదరాబాదు వెళ్లాడంటే చదువు కోసం అని. జ్వరం నిమిత్తం సెలవు పెట్టాడంటే జ్వరం కారణంగా అని. మూలంలో ఉన్న "ఎయిస్" అనే మాట మీద కూడా సరిగ్గా ఇదే గొడవ నడుస్తోంది. క్షమాపణ దొరకడం కోసం బాప్తిస్మమా, దొరికింది గనుక బాప్తిస్మమా? "గనుక" అనే బాప్టిస్టు బోధకులు మత్తయి 12:41 చూపిస్తారు: నీనెవె వాళ్లు యోనా ప్రకటన విని మారుమనస్సు పొందారన్న చోట అదే మాట ఉంది. నా మటుకు ఆ వాదన బలహీనం. ఎందుకంటే మత్తయి 26:28లో ప్రభువు తన రక్తం "పాపక్షమాపణ నిమిత్తము" చిందింపబడుతోందన్నాడు. గ్రీకులో దాదాపు అదే పదబంధం. అక్కడ "క్షమాపణ అప్పటికే దొరికింది గనుక" అని ఎవరూ అనలేరు. కాబట్టి 2:38లో క్షమాపణ "కోసం" అన్న అర్థాన్నే ఒప్పుకోవాలి.

అంతమాత్రాన నీళ్లే పాపాన్ని కడిగాయని తేలదు. అదే పేతురు తర్వాతి ప్రసంగంలో, 3:19లో, పాపాలు తుడిచివేయబడడానికి మారుమనస్సు పొంది తిరగమంటాడు, బాప్తిస్మం ఊసే ఎత్తడు. కొర్నేలి ఇంట్లో (10:43) నమ్మినవాడికి క్షమాపణ అంటాడు, ఆ మాటల మధ్యలోనే పరిశుద్ధాత్మ దిగుతాడు, బాప్తిస్మం ఆ తర్వాత. సమరయలో వరస తలకిందులు: ముందు బాప్తిస్మం, తర్వాతే ఆత్మ (8:12-17). ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇంట్లో అన్నీ ఒక్క రాత్రిలో అయిపోయాయి (16:33). ఈ పుస్తకం రాసిన లూకా ఈ వరసను ఎక్కడా సూత్రంగా బిగించలేదు. మారుమనస్సు, విశ్వాసం, బాప్తిస్మం, క్షమాపణ, ఆత్మ ఒకే ముడిలో పోగులు. ఒక్క పోగు లాగి "ఇదే పాపాన్ని కడిగింది" అన్నప్పుడల్లా ముడి ఊడుతుంది. బాప్తిస్మం గురించి పేతురు తన మొదటి పత్రికలోనే (3:21) అది ఒంటి మురికి వదిలించుకోవడం కాదు, మంచి మనస్సాక్షి విషయంలో దేవునికిచ్చే జవాబు అని తేల్చాడు.

సంఘాలు ఈ ముడిని ఎవరికి వారు ఒక్కో కొసనుంచి పట్టుకున్నాయి. జ్ఞానస్నానంలోనే దేవుడు పాపాన్ని తీసేస్తాడని కతోలికులు చెబుతారు. మీరు పుట్టిన లూథరన్ సంఘం కూడా దానికి దూరమేమీ కాదు. 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో బాప్తిస్మం పాపక్షమాపణ కలిగిస్తుందనే ఉంది. కాకపోతే ఆ వెంటనే, లోపలి పాత ఆదామును అనుదిన పశ్చాత్తాపంతో రోజూ ముంచి చంపాలని కూడా ఉంది. ఆ రెండో సగాన్ని మనవాళ్లు కన్ఫర్మేషన్ పరీక్షతో పాటే మర్చిపోతారు. బాప్టిస్టులకు, బ్రదరెన్ వారికి అది లోపల జరిగినదానికి బయటి సాక్ష్యం. చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వారికి క్షమాపణ అందే ఘడియ అదే. ఇక "యేసు నామం" పట్టు ఉన్నవారు నీళ్ల దగ్గర పలికే మాట మారితే బాప్తిస్మమే చెల్లదంటారు.

ఆ నామం సంగతి కూడా చూద్దాం. అపొస్తలుల కార్యములులో "నామం" దగ్గర వాడిన గ్రీకు విభక్తి పదం ప్రతిచోటా ఒకటి కాదు. 2:38లో ఒకటి, 8:16లో ఇంకొకటి, 10:48లో మరొకటి. అక్షరం మారకూడని మంత్రమైతే ఇలా ఉండదు. అంతకంటే మంచి సాక్ష్యం దిదాఖే. అపొస్తలుల తర్వాతి తొలి తరాల నాటి ఈ చిన్న పుస్తకం ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. అందులో 7వ అధ్యాయం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం ఇమ్మంటుంది. 9వ అధ్యాయం, అదే బాప్తిస్మం పొందినవారిని "ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవారు" అంటుంది. రాసినవారికి ఆ రెండింటి మధ్య తగాదా లేదు. నీళ్ల విషయంలోనూ అంతే: పారే నీరు మేలు, లేకపోతే వేరే నీరు, చల్లనిది కుదరకపోతే వెచ్చనిది, రెండూ చాలినంత లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి అంటుంది. బాప్తిస్మం పొందేవాడు మాత్రం ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలంటుంది. అంటే నీటికి సడలింపు ఇచ్చారు, సిద్ధపాటుకు ఇవ్వలేదు.

మీ ప్రశ్నకు అసలైన జవాబు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో గారడీ సీమోను దగ్గర ఉంది. మీ సంఘంవారు 2:38 దగ్గర ఆగకుండా అక్కడిదాకా చదివి ఉంటే బాగుండేది. సీమోను నమ్మాడు, బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత పరిశుద్ధాత్మను ఇచ్చే అధికారం కొనుక్కుందామని పేతురు ముందు డబ్బు పెట్టాడు. పేతురు ఎంత ఘాటుగా తిట్టాడంటే, నీ వెండి నీతోపాటే నశించుగాక అన్నాడు. నీ హృదయం దేవుని యెదుట సరిగ్గా లేదన్నాడు. అయినా "నీ బాప్తిస్మం చెల్లలేదు, మళ్లీ దిగు" అనలేదు. ఈ చెడుతనం మానుకో, మారుమనస్సు పొందు, ప్రభువును వేడుకో అన్నాడు (8:22). 2:38 చెప్పిన నోరే ఇది. బాప్తిస్మం తర్వాతి పాపానికి మందు అదే: మానుకోవడం, తిరగడం, వేడుకోవడం. పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడనే 1 యోహాను 1:9 కూడా అప్పటికే సంఘంలో ఉన్నవారికి రాసినదే.

ఎఫెసులో పన్నెండు మందికి మళ్లీ ఇచ్చారు కదా (19:1-7) అని మీకు చెప్పి ఉంటారు. వాళ్లు అంతకుముందు తీసుకున్నది బాప్తిస్మమిచ్చు యోహాను బాప్తిస్మం, యేసు నామంలోది కాదు. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వాళ్లు వినలేదు. మీ సంగతి అది కాదు.

బాప్తిస్మం తర్వాత చేసిన పాపానికి దిక్కులేదన్న భయం కొత్తదేమీ కాదు. నాలుగో శతాబ్దంలో చాలామంది ఆ భయంతోనే బాప్తిస్మాన్ని చావు దాకా వాయిదా వేశారు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సైతం 337లో మరణశయ్య మీదే తీసుకున్నాడు. మన దగ్గర "ఇంకా సిగరెట్ మానలేదు, పూర్తిగా మారాక తీసుకుంటా" అని పదేళ్లు గడిపేవారిదీ ఆ భయమే. తప్పు చేసినప్పుడల్లా మళ్లీ మునిగేవారిదీ అదే భయం, దారే వేరు. ఇద్దరూ బాప్తిస్మాన్ని సబ్బులా చూస్తున్నారు: ఒకరు దాచుకుంటున్నారు, ఒకరు అరగదీస్తున్నారు.

క్యాంపులో తీసుకున్నది "అందరూ తీసుకుంటున్నారని" అయితే చెల్లుతుందా? ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ రోజు మీకు క్రీస్తు మీద ఎంత చిన్నదైనా నమ్మకం ఉందా, లేక అసలు లేదా? పదిహేనేళ్ల పిల్లాడి విశ్వాసం పదిహేనేళ్లంతే ఉంటుంది. పచ్చికాయ కాయ కాకపోదు. నమ్మకం ఉందంటే అక్కడితో ఆపండి. ఏ కోశానా లేదు, నవ్వుకుంటూ దిగాను అంటే మాత్రం, బాప్టిస్టు లెక్కలో మీకు ఇంకా మొదటి బాప్తిస్మమే కాలేదు, లూథరన్ లెక్కలో పసితనంలోది నిలిచే ఉంది. ఆ రెంటిలో ఏ సంఘంలో స్థిరపడతారో అది తేల్చుకుని ఒకసారి నిర్ణయించుకోవచ్చు. అపరాధభావం తట్టుకోలేక మాత్రం ఆ నిర్ణయం తీసుకోవద్దు.

ఇక డబ్బు సంగతి. మన తెలుగు బైబిలు ఒక మేలు చేసింది: యేసును అప్పగించిన యూదా విషయంలో "పశ్చాత్తాపపడి" అంటుంది (మత్తయి 27:3), అపొస్తలుల కార్యములు 2:38 లాంటి చోట్ల "మారుమనస్సు" అంటుంది. గ్రీకులోనూ అవి వేర్వేరు మాటలే. యూదా ముప్పై నాణేలూ తిరిగిచ్చాడు, తప్పు ఒప్పుకున్నాడు, గానీ ప్రభువు దగ్గరకు తిరగలేదు. ప్రభువును ఎరుగనని బొంకిన పేతురు ఏడ్చాడు, తిరిగొచ్చాడు. కాబట్టి ఏడుపు ఎంత వచ్చిందన్నది కొలత కాదు. ఆరాధనలో కన్నీళ్లు కీబోర్డు వాయించే కుర్రాడి చలవతో కూడా వస్తాయి. కొలత కావాలంటే లూకా 3:10-14 చూడండి. "మేమేం చేయాలి?" అని జనం అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఎవరి వృత్తికి తగిన జవాబు వారికిచ్చాడు. రెండు అంగీలున్నవాడు ఒకటివ్వాలి, సుంకరి, అంటే పన్ను వసూలుచేసేవాడు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోకూడదు, సైనికుడు బెదిరించి గుంజకూడదు. దుకాణంలో లెక్కలు రాసేవాడు అడిగితే ఏమనేవాడో మీకు తెలుసు.

ఎంత ఇవ్వాలి? లేవీయకాండము 6:1-5 ప్రకారం అసలు, దానిపై ఐదో వంతు. మీ లెక్కలో 60,000కు 12,000 కలిపి 72,000. యేసును కలిసిన సుంకరి జక్కయ్య నాలుగంతలన్నాడు గానీ అది ఆయన ఇష్టంతో ఇచ్చిన మాట, ఎవరూ విధించలేదు. ఐదో వంతు క్రైస్తవుడికి చట్టం కాదు, మంచి కొలబద్ద. ముందు ఒక కాగితం మీద గుర్తున్నంత వరకు నెలలు, మొత్తాలు రాయండి. "సుమారు" అని గాల్లో ఉంచితే ఆ అంకె ప్రతి నెలా తగ్గుతూ పోతుంది. ఒకేసారి ఇవ్వలేకపోతే మొదటి విడత చేతిలో పెట్టుకుని వెళ్లండి. నెలకు 6,000 చొప్పున పన్నెండు నెలలు అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. "అప్పట్లో ఇంట్లో కష్టాలుండేవి" అంటూ మొదలుపెట్టకండి. క్షమాపణలో సాకు కలిస్తే అవతలివాడికి సాకే వినబడుతుంది. యజమాని చనిపోతే వారసులకు. వారసులూ లేకపోతే సంఖ్యాకాండము 5:8 దాన్ని దేవుని పనికి ఇమ్మంటుంది. యజమాని బతికుండగా ఆ డబ్బు కానుక పెట్టెలో వేయడం మాత్రం కుదరదు. ఆయన సొమ్ముతో మీరు దేవునికి దాత అయినట్టవుతుంది.

ఒక జాగ్రత్త. ఒప్పుకున్నాక ఆయన పోలీసు కేసు పెట్టే అవకాశం ఉంది. క్షమాపణ దొరికింది కాబట్టి పర్యవసానం ఉండదని ఏ పాస్టరూ హామీ ఇవ్వలేడు. వెళ్లేముందు ఒక లాయరుతో మాట్లాడడం విశ్వాసలోపం కాదు. ఆయన క్షమించకపోయినా మీ బాకీ తీర్చడం ఆగకూడదు, దేవుని క్షమాపణ ఆయన సంతకం కోసం ఆగదు.

ఎవరి ముందు ఒప్పుకోవాలి? దేవుని ముందు, నష్టపోయినవాడి ముందు. నమ్మకస్తుడైన పెద్ద ఒకరికి చెబితే (యాకోబు 5:16) నిలబడడం తేలికవుతుంది. ఆదివారం మైకు పట్టుకుని చెప్పనక్కర్లేదు. పాపం ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతమందికి చాలు. కతోలిక పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎక్కడా బయటపెట్టకూడదన్న కట్టుబాటు ఉంది. మన స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల అలాంటి రాతకోతలేమీ ఉండవు, కాబట్టి మనిషిని చూసి చెప్పండి. ఇంకొకటి, మీకు సంబంధం లేకపోయినా చదివేవారి కోసం: పిల్లలపై లైంగిక వేధింపు ఎవరైనా ఒప్పుకుంటే "ప్రభువు క్షమించాడు" అని అక్కడితో మూసేయడం నేరం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి.

మీ భార్య సంగతికి వస్తాను. ముందు ఆమెను ఒంటరిగా, మీరు పక్కన లేకుండా, పాస్టర్ గారో పెద్దమ్మగారో అడగాల్సింది ఒకటుంది: ఇది నీ నిర్ణయమా, అత్తింటి కోసమా? ఈ విషయంలో మన నేల మీదే ఒక గట్టి పాఠం ఉంది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, తిండికోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కరవు పనులు ఆగి, ఇచ్చేందుకు చేతిలో ఏమీ లేనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. ఆ అంకెను అందరూ చెబుతారు. దానికి ముందు ఆపిన ఏడాదిని ఎవరూ చెప్పరు. మీ భార్య ఇంకో మూడు నెలలు ఆగుతానంటే ఆగనివ్వండి.

నది దగ్గర చూసుకోవాల్సినవి. ముందురోజు ఎవరైనా ఈత వచ్చినవారు దిగి, అడుగు గట్టిగా ఉందో లేదో కర్రతో చూడాలి. ఇసుక తవ్విన నదుల్లో నడుము లోతు పక్కనే నిలువు లోతు గొయ్యి ఉంటుంది. నీరు నడుముకూ రొమ్ముకూ మధ్య ఉండాలి. మోకాళ్ల లోతులో ఇస్తే ఇచ్చేవారి నడుము పడుతుంది, తీసుకునేవారి తల నేలకు తగులుతుంది. తల వెనక్కి వాల్చేటప్పుడు ప్రవాహం వచ్చే వైపు తల ఉండాలి. అటు కాళ్లుంటే ప్రవాహం ముక్కులోకి కొడుతుంది. ఒక చేత్తో రుమాలుతో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకోవాలి. ఇచ్చేవారు ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి ఆమె చేతుల మీద ఉంచాలి. ఆమె మోకాళ్లు వంచితే చాలు, బరువు నీళ్లే మోస్తాయి. బిగుసుకుపోయి నిలబడడం వల్లే చాలామంది సగం మునిగి తేలతారు. అలాంటప్పుడు "చెయ్యి మునగలేదు" అని మళ్లీ ముంచేవారున్నారు, అది వట్టి చాదస్తం.

తెల్ల చీర వద్దు, తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది, నీళ్లలో కుచ్చిళ్లు తేలతాయి. ముదురు రంగు మందపాటి చుడీదారు, చున్నీ రెండు వైపులా పిన్నులతో. ఒడ్డున టవలుతో ఒక స్త్రీ సిద్ధంగా ఉండాలి. ఫిట్స్, గుండెజబ్బు, ఈమధ్య ఆపరేషన్ ఉంటే ముందే చెప్పాలి. అలాంటివారికి నిలబెట్టి తలపై పోసినా దిదాఖే కాలం నుంచీ ఒప్పుదలే. నదికి బదులు చర్చి తొట్టి అయితే వైరు మైకును నీళ్ల దగ్గరికే రానివ్వకండి. 2005లో అమెరికాలోని టెక్సాస్‌లో బాప్తిస్మపు తొట్టిలో నిలబడి మైకు ముట్టుకున్న పాస్టర్ కరెంటు షాక్‌తో చనిపోయాడు.

చివరిగా కాగితాలు. మీ భార్య ఎస్సీ అయితే ఇది ముందే తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవులైన ఎస్సీలకు, వారి సంతానానికి తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద రిజర్వేషన్. బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందూ ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన పుదుచ్చేరి మహిళ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు కుదరదంది. ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. కానీ "బాప్తిస్మం ఇస్తాం, రిజిస్టరులో రాయం, నీ సర్టిఫికెట్ భద్రం" అని భరోసా ఇచ్చే పాస్టర్ల మాట నమ్మకండి. లెక్కలు మార్చిన తప్పుకు మీరు 72,000 తిరిగిస్తున్న ఇంట్లో, ఆమె కొత్త జీవితం ఇంకో తప్పుడు లెక్కతో మొదలవకూడదు. రిజిస్టరులో పేరు, తేదీ, స్థలం, ఇచ్చినవారి సంతకం, ఇద్దరు సాక్షులు ఉండేలా చూసుకుని ఒక నకలు ఇంట్లో పెట్టుకోండి.